ప్రొపెల్లర్‌లో పడ్డ పెయింటర్

మిషనక్కకు అనుమానం మొదట ముక్కు దగ్గర మొదలైంది.

ఆమె మొగుడు ఓడలకు రంగులేసే పెయింటర్. రిపేరుకొచ్చిన ఓడల పొట్టలు గీకి, తుప్పు వదిలించి, ఎర్ర ప్రైమర్ కొట్టి, దాని మీద నల్లరంగు పట్టించడం అతని పని. పెళ్ళైన కొత్తలో ఆ థిన్నర్ వాసనకు ఆమెకు తల తిరిగేది. పోనుపోను అదే ఇంటి వాసన అయిపోయింది. వీధి మలుపులో మనిషి కనబడకముందే వాసన వచ్చేది. ఆమె కుట్టుమిషను ఆపి, లేచి పొయ్యి వెలిగించేది. అలాంటి మనిషి ఉన్నట్టుండి సబ్బు వాసనతో ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు. రెండు వారాలుగా అదే వరస. గోళ్ళ సందుల్లో ఎరుపు లేదు. చెవి వెనక నల్లమరక లేదు. చొక్కా అప్పుడే ఇస్త్రీపెట్టె కిందనుంచి తీసినట్టుంటుంది.

"ఈ మధ్య బాగా మెరుస్తున్నారే?" అంది ఒకనాడు కంచం పెడుతూ.

"యార్డులో కొత్తగా బాత్‌రూములు కట్టారు. వేడినీళ్ళు కూడా వస్తున్నాయి. అక్కడే స్నానం చేసి వస్తున్నా."

"మరి డ్యూటీ బట్టలు? ఉతకడానికి తేవట్లేదేం?"

"అవీ అక్కడే ఉతికిస్తున్నారు."

"అబ్బో! ఇన్నేళ్ళూ చేతికి గ్లవుజులివ్వడానికి ఏడ్చిన యార్డు ఇప్పుడు నీళ్ళుపోసి, బట్టలుతికి మరీ పంపిస్తోందా? రేపోమాపో జోల కూడా పాడతారేమో!"

మామూలుగా అయితే అతను ఆ మాటకు పొలమారేదాకా నవ్వేవాడు. ఆ రోజు తల వంచుకుని తినేసి లేచాడు.

ఆమెను వీధిలో అందరూ మిషనక్క అనేవాళ్ళు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, యార్డు కూలీలకు బిగుతైన బట్టలు వదులు చేయడం, మోకాళ్ళు చిరిగితే మాసికలు వేయడం, లారీలకు టార్పాలిన్లు కుట్టడం ఆమె పని. మిషను తొక్కేవాళ్ళ కాళ్ళకీ చేతులకీ పని ఉంటుంది గానీ బుర్రకు ఉండదు. ఆ ఖాళీ బుర్రలోకి అనుమానం వచ్చి, చాప పరుచుకుని కూర్చుంది.

తినగానే ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోతున్నాడు. "మేస్త్రీతో మాట్లాడాలి" అంటాడు. కిటికీలోంచి చూస్తే ఫోన్ జేబులోనే ఉంటుంది. గోడకు చెయ్యి ఆనించి, ఇటు వీపు పెట్టి నిలబడి ఉంటాడు. భుజాలు కదులుతుంటాయి. లోపలికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉంటాయి. పడుకునేటప్పుడు మంచం వదిలేసి కుర్చీలో చేరగిలబడతాడు. అడిగితే ఉక్కగా ఉందంటాడు. ఎవరికోసమో ఏడుస్తున్నాడని ఆమె తేల్చుకుంది. ఎవరికోసమన్నదొక్కటే తేలాలి.

ఈ సంగతి తమ్ముడితో చెప్పుకుందామనుకుంది. తమ్ముణ్ణి అందరూ చంటి అంటారు. ముప్ఫై దగ్గరపడుతున్నా ఆ పేరు వదల్లేదు. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీలో పని. వాడు ఈ మధ్య ఇంటివైపు రావడమే తగ్గించాడు. ఆమే కబురుపెట్టి పిలిపించింది. వాడు గుమ్మంలోనే నిలబడ్డాడు, చేతులు జేబుల్లోంచి తియ్యకుండా.

"మీ బావ సంగతి చూస్తుంటే..." అని ఆమె మొదలుపెట్టిందో లేదో, "బావ అలాంటివాడు కాదక్కా!" అనేశాడు.

"ఎలాంటివాడో నేనింకా చెప్పలేదుగా?"

"అదే... ఎలాంటివాడూ కాదంటున్నా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వాడి వాలకం. ఇద్దరూ కూడబలుక్కున్నారని అర్థమైంది. దేని గురించన్నది మాత్రం అర్థం కాలేదు. టీ తాగి వెళ్ళమంటే, పనుందని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం చిన్ని పరిగెత్తుకుంటూ వచ్చింది. చిన్ని పెయింటర్ చెల్లెలు. పోర్టు కంట్రోల్ రూములో టీలు ఇవ్వడం, కప్పులు కడగడం, నేల తుడవడం ఆమె ఉద్యోగం. అక్కడ పొద్దస్తమానం రేడియో వాగుతూనే ఉంటుంది. బయట లంగరేసిన ఓడలు, వాటి దగ్గరికి మనుషుల్ని చేర్చే లాంచీలు దాంట్లోనే మాట్లాడతాయి. అన్నీ ఇంగ్లీషు మాటలే. చిన్ని పదో తరగతి దాకా చదివింది కాబట్టి పది మాటల్లో ఆరు అందుకుంటుంది.

"వదినా, అన్నయ్య ఇవాళ ఎక్కడికెళ్ళాడు?"

"బయట లంగరేసిన ఓడకి లాంచీలో వెళ్ళాలని చెప్పి పొద్దున్నే పోయాడు. ఏం?"

చిన్ని గుమ్మంలోనే కూలబడింది. ఆమె చెప్పిందిది. రేడియోలో ఆ ఓడ ఆఫీసరు గొంతు వచ్చింది. "లాస్ట్ ది పెయింటర్" అన్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. "పెయింటర్ ఇన్ ది ప్రొపెల్లర్" అన్నాడు. తర్వాత "కట్" అన్నాడు. ఇక్కడి రేడియో ఆయన చెక్కుచెదరలేదు. బిస్కెట్టు టీలో ముంచుకుంటూ, స్పేర్ పెయింటర్ ఉన్నాడా అని అడిగాడు.

"స్పేర్ అంటే?"

"ఒకటి పోతే వాడుకోవడానికి ఇంకోటి. సైకిలు ట్యూబులా."

మిషనక్క చేతిలోని కత్తెర జారి పెడల్ మీద పడింది.

"నువ్వేమీ అడగలేదా?"

"ఎవరికైనా ఏమైనా అయిందా సార్ అన్నాను. నీకెందుకు, కప్పులు కడుక్కో అన్నాడు."

ఇద్దరూ చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా యార్డుకు బయల్దేరారు. దారిపొడుగునా మిషనక్క మొగుడి ఫోన్‌కు చేస్తూనే ఉంది. స్విచ్ ఆఫ్. తమ్ముడికి చేసింది. అందుబాటులో లేడంది ఫోను.

గేటు దగ్గర కాపలా మనిషి తెలిసినవాడే. అతని యూనిఫాం ప్యాంటు అంచులు మడిచి కుట్టింది ఆమే. పాసులు నమోదయ్యే కంప్యూటరు తెర మీద చూసి, "మీ ఆయన పాస్ పొద్దున జెట్టీ దగ్గర చూపించారక్కా. లాంచీ ఎక్కినట్టే ఉంది. లాంచీ ఇంకా తిరిగి రాలేదు" అన్నాడు.

"రాలేదంటే?"

"సముద్రం కొంచెం పోటుగా ఉంది. రేపు తెస్తారంటున్నారు."

అతను మేస్త్రీకి కబురుపెట్టాడు. పెయింటర్లందరినీ పంచి పనుల్లోకి పంపేది ఆ మేస్త్రీయే. బొద్దుగా ఉంటాడు, ఎప్పుడూ మెడలో తువ్వాలు. వీళ్ళిద్దర్నీ దూరంనుంచి చూడగానే అతని నడక నెమ్మదించింది. మిషనక్క అది గమనించింది.

"మా ఆయనేరి?"

"ఓడ మీద ఉన్నాడమ్మా. బాగానే ఉన్నాడు. నువ్వు ఇంటికెళ్ళు."

"రేడియోలో ఒక్కసారి మాట్లాడించండి. గొంతు వింటే వెళ్ళిపోతా."

మేస్త్రీ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అలా మాట్లాడించకూడదు. రూల్సుంటాయి."

"ఒక్క మాట. ఏమండీ అంటే ఊ అంటే చాలు."

"చెప్తున్నాగా, కుదరదని! పనిలో ఉన్నాడు."

"లాంచీయే తిరిగిరానప్పుడు పనేంటి?" అంది చిన్ని. అని ఊరుకోలేదు. రేడియోలో విన్నదంతా ఏకరువు పెట్టింది. పెయింటర్ పోయాడట, ప్రొపెల్లర్‌లో పడ్డాడట, కోశారట, స్పేర్ అడిగారట.

మేస్త్రీ ముఖం ముందు పాలిపోయింది. తర్వాత విప్పారింది. ఆ తర్వాత, ఆ ఇద్దరాడవాళ్ళ కళ్ళెదుట, పగలబడి నవ్వాడు.

"ఓస్, అదా! అది మనిషి కాదమ్మా, తాడు! పడవ ముక్కుకు కట్టే తాడుని ఓడలవాళ్ళు పెయింటర్ అంటారు. ఆ తాడు తెగింది, అంతే!"

మిషనక్కకు ఒళ్ళంతా మండింది. "ఆడదాని ముందు నిలబడి తాడు తెగిందని నవ్వుతావా? నీ నోటికి అడ్డూ ఆపూ లేదా?"

"అయ్యో, నేనన్నది పడవ తాడు!"

"తాడుకి పెయింటర్ అని పేరా? మరి బకెట్టుని ఏమంటారు, తాపీమేస్త్రీ అంటారా? నిచ్చెనని డ్రైవరంటారా? మా చెవుల్లో పువ్వులేమైనా కనబడుతున్నాయా?"

గేటు దగ్గర నలుగురు పోగయ్యారు. మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. "నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి" అని గొణిగి లోపలికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఫోన్ చెవికి పెట్టుకోవడం కూడా మిషనక్క చూసింది.

రోడ్డు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు. చిన్ని ఫోనులో డిక్షనరీ తెరిచింది. చాలాసేపు వేలితో పైకి తోసింది.

"వదినా... ఇళ్ళకు రంగులేసేవాడు అని ఉంది. బొమ్మలేసే ఆర్టిస్టు అని ఉంది. కింద ఇంకోటి కూడా ఉంది. పడవను కట్టే తాడట."

"తాడంటే రోప్ అని కదా నువ్వు చదువుకుంది?"

"నేను చదువుకుంది అదే. ఓడలవాళ్ళకు ఇంకో ఇంగ్లీషు ఉంటుందేమో."

మిషనక్క ఫోను లాక్కుని చూసింది. ఆ అక్షరాలు ఆమెకు రావు. అయినా చాలాసేపు చూసి తిరిగిచ్చేసింది.

"సరే, తాడే అనుకుందాం. తాడు తెగితే ఆ మేస్త్రీకి చెమటెందుకు పట్టింది? మనం ప్రొపెల్లర్ సంగతి ఎత్తకముందే పట్టింది. ఆ సంగతి ఎత్తాక వాడికి ప్రాణం లేచొచ్చింది. అంటే వాడు భయపడింది ఇంకో దానికి. మాట నిజమే కావచ్చు చిన్నీ. మనిషే అబద్ధం."

చిన్ని ఫోను మూసి లేచింది.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఒకామె వచ్చి ధైర్యం చెప్పింది. ఇంకొకామె వచ్చి, ఇలాంటివి జరిగితే కంపెనీలు శవాన్ని కూడా చూపించవని చెప్పి ఉన్న ధైర్యం పట్టుకుపోయింది. తమ్ముడి గదికి మనిషిని పంపితే తాళం వేసి ఉందన్నారు. అక్కకింత ఆపదొస్తే వాడెక్కడ చచ్చాడని తిట్టుకుంది. ఆ రాత్రి ఎలా తెల్లారిందో ఆమెకే తెలియాలి. పొద్దు పొడిచీ పొడవకముందే చిన్నిని వెంటబెట్టుకుని వెళ్ళి జెట్టీ గేటు దగ్గర బైఠాయించింది. డ్యూటీకి వచ్చే ప్రతివాడికీ తన గోడు చెప్పింది. కాసేపటికి అక్కడ డ్యూటీకి వెళ్ళేవాళ్ళ కంటే నిలబడిపోయినవాళ్ళే ఎక్కువయ్యారు. గొడవ విని సెక్యూరిటీ ఆఫీసరు స్వయంగా వచ్చాడు. పెద్దమనిషిలాగే ఉన్నాడు. "రండమ్మా, లాంచీ వస్తోంది. మీ కళ్ళతో మీరే చూసుకోండి" అని ఇద్దర్నీ జెట్టీ మీదికి తీసుకెళ్ళాడు. వెనకే మేస్త్రీ వచ్చాడు. "సార్, ఆడవాళ్ళు ఇక్కడికి... సేఫ్టీ..." అంటూ అడ్డం పడబోతే ఆఫీసరు పట్టించుకోలేదు.

పాత లాంచీని ఇంకో లాంచీ లాక్కొస్తోంది. పైన ఏడెనిమిది మంది పెయింటర్లు, ఎండకీ ఉప్పుగాలికీ ముఖాలకు గుడ్డలు చుట్టుకుని ఉన్నారు. అందరూ ఒక్కలాగే ఉన్నారు. మిషనక్క ముఖాలు చూడలేదు, మోకాళ్ళు చూసింది. ఎడమ మోకాలి మీద తను వేసిన నీలం మాసిక, డబుల్ కుట్టు, కనబడింది.

"అదుగో! ఆయనే!" అంది. చిన్ని భుజం పట్టి ఊపేసింది.

మాసిక ఉన్న మనిషి జెట్టీ మెట్టు మీద కాలుపెట్టాడు. ఆమె పరిగెత్తి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "వచ్చారా! ఏమీ కాలేదా?" అంటూ ముఖం మీది గుడ్డ లాగింది.

గుడ్డ కింద చంటి ఉన్నాడు.

మిషనక్క అరిచింది, జెట్టీ చివరిదాకా వినబడేలా.

"ఏంట్రా, నువ్వా? నువ్వు లాండ్రీలో కదా ఉండాలి? ఆయన బట్టలు నీ ఒంటి మీదికెలా వచ్చాయి? ఆయన్నేం చేశార్రా అందరూ కలిసి?"

"అక్కా, మెల్లిగా..."

"మెల్లిగా ఏంట్రా! నా మొగుడి పాస్ మీద నా తమ్ముడు దిగాడేంటో చెప్పండి సార్!"

ఆ మాట అన్నాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు. సెక్యూరిటీ ఆఫీసరు చెయ్యి చాచాడు. చంటి మెడలోని పాస్ తీసిచ్చాడు. ఆఫీసరు ఫోటోను చూసి, చంటిని చూసి, మేస్త్రీని చూశాడు. మేస్త్రీ సముద్రం వైపు చూస్తున్నాడు.

ఇదేమీ పట్టని లాంచీ సరంగు ఆ పడవ వెనకవైపు వంగి, ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న తాడు ముక్కల్ని కత్తితో కోసి జెట్టీ మీదికి విసురుతున్నాడు. ముసలాయన. పడవ నడపడం తప్ప ఇంకో గొడవ తెలియనివాడు. చిన్ని వెళ్ళి ఆయన్ని అడిగింది. "తాతా, దీన్నేమంటారు?"

"పెయింటర్. ఎందుకమ్మా?"

"దీని పేరు విని మా వదిన నిన్నట్నుంచి ఏడుస్తోంది. మా అన్నయ్య పెయింటర్."

ముసలాయనకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కత్తి పక్కనపెట్టి అన్నాడు. "తాడుని చూసి పామనుకున్నవాళ్ళని ఎరుగుదును గానీ, తాడు పేరు విని మొగుడనుకున్నవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా తల్లీ."

మిషనక్క ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. నీళ్ళోడుతూ, అంచులు చీలికలు పేలికలై ఉంది. మేస్త్రీ చెప్పింది అక్షరాలా నిజం. అయినా మొగుడు ఇంకా దొరకలేదు.

చంటి ఆమె చెవి దగ్గరికి వచ్చి, పెదాలు కదిలీ కదలకుండా, "బావ మా లాండ్రీలో ఉన్నాడు" అన్నాడు.

లాండ్రీ అక్కడికి దూరమేమీ కాదు. ముందు కౌంటరు దాటి లోపలికి వెళితే ఆవిరి ముఖానికి కొట్టింది. దాంతోపాటే, రెండు వారాలుగా ఆమెను వేధించిన సబ్బు వాసన. పెద్ద పెద్ద డ్రమ్ములు తిరుగుతున్నాయి. మూలన ఒక తెల్లదుప్పటికి అటువైపు రెండు కొసలు ఒకామె పట్టుకుంది, ఇటువైపు కొసలు పెయింటర్ పట్టుకున్నాడు. దులిపి, ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, చేతులు మార్చుకుని, మళ్ళీ వెనక్కి నడుస్తున్నారు. ఇద్దరికీ ఎన్నాళ్ళనుంచో అలవాటున్నట్టు కుదిరింది ఆ నడక.

మిషనక్క తలలోకి నెత్తురు ఎక్కింది. అప్పుడామె ఇటు తిరిగింది. పండిన జుట్టు, బోసినోరు. లాండ్రీ యజమానురాలు. మిషనక్క కోపం సగం అక్కడే చచ్చింది.

పెయింటర్ భార్యను చూసి దుప్పటి వదిలేశాడు. అతని నోటినుంచి వచ్చిన మొదటి మాట, "చంటి దిగాడా?"

"దిగాడు."

"బాగున్నాడా?"

"బాగున్నాడు. మిమ్మల్నే చంపి సముద్రంలో పారేశారనుకున్నా."

ఆమె ఉతకని తువ్వాళ్ళ గుట్ట మీద కూర్చుని, ఒక తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏ హోటలు గదిలో ఎవరు తుడుచుకున్నదో కూడా చూసుకోలేదు. యజమానురాలు డ్రమ్ములు ఆపమని సైగచేసి, పనివాళ్ళని తీసుకుని బయటికి వెళ్ళింది.

చప్పుడు ఆగాక అతని ఊపిరి వినబడింది. తలుపు సందులోంచి గాలి తోసుకొస్తున్నట్టు సన్నటి కూత. ఇన్నాళ్ళూ ఇంట్లో మిషను చప్పుడులో, వీధి చప్పుడులో ఆమె దాన్ని వినలేదు. అతను వినిపించనివ్వలేదు.

"రెండు నెలల కిందట ఓడ ట్యాంకు లోపల పడిపోయాను" అన్నాడు. "ఇద్దరు మోసుకొచ్చారు. అప్పట్నుంచి నిచ్చెన నాలుగు మెట్లెక్కితే చాలు, గాలి అందట్లేదు. పడుకుంటే దగ్గు. నువ్వు వింటావని పెరట్లోకి పోయేవాణ్ణి."

"ఫోన్ పట్టుకుని?"

"ఉత్తినే పట్టుకునేవాణ్ణి. యార్డు డాక్టరు చూస్తే పాస్ తీసేస్తారు. రెండు వారాల కిందట చంటి అన్నాడు, నీ పని నేను చేస్తా బావా, నా పని నువ్వు చెయ్యి, దుప్పట్లు మడతపెట్టడానికి ఊపిరితో పనేముందని. మేస్త్రీకి మనుషులు చాలట్లేదు. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు."

రంగు అంటిన చేతుల్ని తమ్ముడు ఆ రోజు జేబుల్లోంచి ఎందుకు తియ్యలేదో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

"నిన్న ఇంటికెందుకు రాలేదు?"

"లాంచీ ఆగిపోయిందని మేస్త్రీ ఫోన్ చేశాడు. కాగితాల మీద నువ్వు సముద్రంలో ఉన్నావు, ఊళ్ళో ఎవరికంటా పడకు, ఫోన్ కూడా కట్టెయ్యి అన్నాడు."

"నాకొక్క మాట చెప్పి కట్టెయ్యలేకపోయారా?"

"నీ గొంతు వింటే అంతా కక్కేసేవాణ్ణి."

"కక్కేస్తే ఏం పోయేది?"

"యార్డు మానెయ్యమనేదానివి." అతను దుప్పటి ఏరుకుని, దులిపి, ఒక్కడే మడతపెట్టబోయాడు. కుదరలేదు. "ఆ పని తప్ప నాకింకేం రాదు. పేరుతో కూడా నన్నెవరూ పిలవరు. ఆ రంగు డబ్బా పట్టుకోకపోతే నేనేంటి?"

ఆమె లేచి రెండో వైపు కొసలు అందుకుంది. "ముందు బతికుండండి. ఏంటో తర్వాత చూద్దాం" అంది. మడత వంకరగా వచ్చింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

అక్కడితో అంతా సుఖాంతమైతే బాగుండేది. కాలేదు. జెట్టీ మీద ఆమె అరిచిన అరుపు విన్నవాళ్ళు ఎక్కువమంది. యార్డులో విచారణ జరిగింది. పెయింటర్ పాస్ రద్దయింది. ఇకమీదట చంటిని యార్డు గేటు దాటనివ్వకూడదన్నారు. మేస్త్రీని పనిలోంచి తీసేశారు. అతని భార్య మిషనక్క ఇంటిముందుకు వచ్చి, "నువ్వు ఒక్క పూట నోరు కట్టుకునుంటే అందరి కడుపులూ నిండేవి" అని వీధంతా వినేలా దులిపి వెళ్ళింది. ఆ మాటలో నిజం ఎంత ఉందో ఆమెకు తెలుసు. అదే మేస్త్రీ ఊపిరాడని మనిషిని, అలవాటులేని మనిషిని ఓడల మీదికి తోలాడనీ తెలుసు. రెండూ నిజాలే అయినప్పుడు ఎవరితో పోట్లాడాలో ఆమెకు తోచలేదు. చిన్నికి కంట్రోల్ రూములో రేడియో ఆయన క్లాసు పీకాడు. ఆయన తప్పేమీ లేదు, ఆ రోజు ఆయనడిగింది తాడునే. చిన్ని మాత్రం, "సార్, మీ భాషలో ఇంకేమేం మనుషుల పేర్లున్నాయో ఒకసారి చెప్పెయ్యండి, మళ్ళీ గొడవ రాకుండా" అని అడిగి, ఇంకో నాలుగు తిట్లు తింది.

చంటి అక్కతో కొన్ని రోజులు మాట్లాడలేదు. తర్వాత వాడే వచ్చాడు.

"నీకు బావ మీద అనుమానం, నా మీద అనుమానం. మనుషుల మీదే నమ్మకం లేదనుకున్నా, తాడు మీద కూడా లేదు."

"మీరిద్దరూ నిజం చెప్పుంటే తాడు జోలికి నేనెందుకు పోతాను?"

వాడు తల గోక్కున్నాడు. యార్డుతో సంబంధం లేని వేరే ధక్కాలో, చేపల రేవు దగ్గర, ఆ సరంగు కొడుకు నడిపే చేపల పడవలో పని దొరికిందని చెప్పాడు. సముద్రమంటే ఆమెకు భయం. వద్దందామని నోటిదాకా వచ్చింది. "పడవలో ఎక్కడున్నావో సాయంత్రానికి నాకు ఫోన్ రావాలి" అని ఊరుకుంది. లాండ్రీలో ఆ ఖాళీ పెయింటర్‌కే వచ్చింది. యజమానురాలికి అతని మడతలు నచ్చాయట.

పెద్దాసుపత్రికి ఆమే తీసుకెళ్ళింది. పరీక్షలన్నీ అయ్యాక నర్సు పేరు పిలిచింది. "నువ్విక్కడే కూర్చో, ఏమన్నారో నేనొచ్చి చెప్తా" అన్నాడతను.

"మీరు చెప్పడం అయిపోయింది" అంటూ ఆమె ముందు నడిచింది.

డాక్టరమ్మ చిన్నది, ఓపికగలది. ఊపిరితిత్తుల్లో గట్టిపడిన మచ్చలున్నాయని, అవి పోవని, రంగులకూ, తుప్పు వదిలించే ఇసుక దుమ్ముకూ దూరంగా ఉంటే ముదరకుండా ఆపొచ్చని చెప్పింది. పీల్చే మందు ఎలా వాడాలో చూపించింది. మిషనక్క అంతా విని, మళ్ళీ మొదట్నుంచి చెప్పమంది. రెండోసారి విని, "ముదరవు అంటే అసలు ముదరవా, ఇప్పుడప్పుడే ముదరవా?" అని అడిగింది.

డాక్టరమ్మ పీల్చే మందు బల్ల మీద పెట్టింది. "ఇప్పుడప్పుడే ముదరవు. జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్ళు."

"అలా చెప్పండి" అంది మిషనక్క. ఆ జవాబు మొదటిదానంత తియ్యగా లేదు. కానీ మొదటిసారిగా ఆమెకు ఒక మాట పూర్తిగా నమ్మాలనిపించింది.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డారు. అతను ఊపిరి కూడదీసుకుని అడిగాడు.

"ఇంకా నా మీద అనుమానమేనా?"

"ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది. తొందరపెట్టకండి."

బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉందని ఆమె ముందెక్కి, వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. అతను పట్టుకుని ఎక్కాడు.